సోమవారం ఎవరిది?

ఆ ఉదయం తొమ్మిదిన్నరకి ఉమ్మడమ్మ సంచిలో మూడు రబ్బరు ముద్రలు, ఒక ఇంకు ప్యాడు, తొమ్మిది సంతకాలు పడాల్సిన ఒక కాగితం ఉన్నాయి. ఆ కాగితం మధ్యాహ్నం ఒంటిగంటలోగా పట్నంలోని విద్యా కార్యాలయానికి చేరాలి. చేరకపోతే మూడు ఊళ్ళ బడులకీ కలిపి నడుస్తున్న ఉమ్మడి ఆఫీసు ఆ సాయంత్రంతో మూతపడుతుంది. ఆఫీసు పోతే ఆమె ఉద్యోగం పోతుంది. దాన్ని అలా ఉంచినా, దేనికదే ఆఫీసు పెట్టుకునే తాహతు లేక మూడు బడులూ పట్నం బడిలో కలిసిపోతాయి. దిగువ ఊళ్ళో యాభై ఎనిమిది మంది, నడిమి ఊళ్ళో నలభై ఒక్కరు, ఎగువ ఊళ్ళో ముప్ఫై ఇద్దరు పిల్లలు రోజూ కొండ దాటి చదువుకోవాల్సి వస్తుంది.

ఆమె హోదా ఉమ్మడి కార్యదర్శి. అంత పొడుగు మాట నోరు తిరగని పిల్లలెవరో ఉమ్మడమ్మ అన్నారు, పెద్దవాళ్ళకి అదే బాగుంది. సోమ, మంగళవారాలు నడిమి బడిలో, బుధ, గురువారాలు దిగువ బడిలో, శుక్రవారం ఎగువ బడిలో ఆమె పని. పదకొండేళ్ళుగా కాలికి బలపం కట్టుకున్నట్టు తిరుగుతోంది. మాస్టర్ల సెలవులు, పిల్లల టీసీలు, బెంచీలు, బల్లలు, కళ్ళ పరీక్షలు, కారుతున్న పైకప్పులు అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. దర్జీ పని చేసే భర్త ఆమె సంచికి మూడు అరలు కుట్టిపెట్టాడు, ఒక ఊరి కాగితాలు ఇంకో ఊరివాటితో కలవకుండా. అత్తగారైతే ఇంటికొచ్చిన వాళ్ళందరితో ఒకే ముక్క చెప్పేది, తనకి ఉన్నది ఒక్క కోడలేననీ, ఆ కోడలికి మాత్రం మూడు అత్తిళ్ళనీ.

ఈ మూడు అత్తిళ్ళకీ ఒక పేచీ ఉంది. ఒక ఊరి బడి కమిటీ తన పొలిమేర లోపల ఓటేస్తేనే ఆ ఓటు చెల్లుతుందని పాత నిబంధన. ఉమ్మడి ఆఫీసు సంగతులు మాత్రం మూడు కమిటీలూ ఒకే చోట కూర్చుని తేల్చాలని కొత్త నిబంధన. ఒకే చోట కూర్చుంటూ మూడు ఊళ్ళలో ఉండటం మనుషులకి సాధ్యం కాదు. పదకొండేళ్ళ కిందట దీని మీద నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాయి. చివరికి బడి బస్సు నడిపే ఆవిడ, అంటే ఉమ్మడమ్మ ఆడపడుచు, విసుగెత్తి అందరినీ నా బండెక్కించండి, ఏ ఊరొస్తే ఆ ఊరు చెయ్యెత్తుతుంది అంది. వెటకారానికే అంది. విద్యా కార్యాలయం వాళ్ళు అభ్యంతరం లేదని రాసి పంపారు. అప్పటినుంచి ఉమ్మడి సమావేశాలు బస్సులోనే. పొలిమేర రాయి దాటగానే ఆ ఊరివాళ్ళు ముందు సీట్లలోకి వస్తారు, తర్వాతి రాయి వచ్చేలోగా ఓటు పూర్తవ్వాలి. రాయి దాటాక ఎత్తిన చెయ్యికి విలువ లేదు.

మూడేళ్ళకోసారి ఒప్పందం మళ్ళీ రాసుకోవాలి. ఈసారి గడువు చివరి రోజుకి గానీ తొమ్మిది మందికీ తీరిక కుదరలేదు. బడులకి సెలవులు కాబట్టి బస్సు ఖాళీగానే ఉంది. దిగువ ఊరి నుంచి బయలుదేరి, నడిమి ఊరి మీదుగా ఎగువ ఊరెక్కి, కొండ మలుపు దాటి పట్నంలో దిగాలి.

దిగువ ఊరి కమిటీకి పెద్ద రిటైరైన నర్సమ్మ. ఇంజక్షన్ ఇచ్చినంత సేపట్లో తన ఊరి ఓటు ముగించింది. ముగ్గురూ చేతులెత్తారు, సంతకాలు పెట్టారు. నడిమి ఊరి కమిటీకి బేకరీ ఆయన పెద్ద. ఆయన ఓ బుట్టెడు బన్నులతో ఎక్కాడు. ఒప్పందంలో మార్పేమైనా ఉందా అని అడిగాడు. ఆమె లేదంది, రోజుల కేటాయింపుతో సహా అంతా ఉన్నది ఉన్నట్టే ఉందని చెప్పింది. సోమవారం మాదేగా అని ఇంకోసారి అడిగి, అవునన్నాక చెయ్యెత్తాడు. మిగిలిన ఇద్దరి నోళ్ళలో బన్నులున్నాయి, వాళ్ళ చేతులు ఖాళీగానే ఉన్నాయి. పది ఇరవైకల్లా ఆరు సంతకాలు. ఇంత నున్నగా సాగిన సమావేశం ఎప్పుడూ లేదని ఉమ్మడమ్మ అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత చాలాసేపు తనని తాను తిట్టుకుంది.

ఎగువ ఊరి కల్వర్టు దగ్గర ముగ్గురు ఎక్కారు. ముందు కోతమిల్లు పెద్దాయన, చొక్కా మీద రంపపు పొట్టుతో. వెనక ఆయన మేనత్త, ఎనభై ఏళ్ళ మనిషి, ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన పాత పంతులమ్మ. ఆ వెనక ఆయన అల్లుడు, మామగారి చెయ్యి లేస్తే గానీ తన చెయ్యి లేవదని పేరున్నవాడు. పెద్దాయన ముందు సీట్లో కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఎత్తే ఉద్దేశం లేదన్నట్టు వాటిని అక్కడే ఉంచాడు.

"సోమవారం మాకిస్తేనే ఓటు," అన్నాడు.

బస్సులో బన్నులు నమలడం ఆగిపోయింది. రోజులు మార్చాలంటే కింద రెండు ఊళ్ళూ మళ్ళీ ఓటెయ్యాలి, మళ్ళీ ఓటెయ్యాలంటే బస్సు కిందికి దిగి పైకెక్కాలి, దానికి రెండు గంటలు కావాలి. ఉమ్మడమ్మ ఆ మాటే చెప్పింది. పెద్దాయన తనకి లెక్కలు వచ్చన్నాడు.

"పదకొండేళ్ళుగా శుక్రవారమే మా మొహాన కొడుతున్నారు," అన్నాడు. "వారమంతా వీళ్ళిద్దరూ ఈ అమ్మాయిని చెరుకులా పిండుకుని, మిగిలిన పిప్పి మాకు పంపిస్తారు. మా ఊరికి మాత్రం తాజా మనిషి అక్కర్లేదా?"

పిప్పి అనిపించుకున్నందుకు ఏడవాలో, తన కోసం ఊళ్ళు కొట్టుకుంటున్నందుకు మురవాలో ఉమ్మడమ్మకి తెలియలేదు. రెండూ కలిసి నవ్వొచ్చింది, సంచిలో తల దూర్చి ఏదో వెతుకుతున్నట్టు నటించింది. బేకరీ ఆయన మాత్రం ఒంటికాలి మీద లేచాడు. సోమవారం తమకి పుట్టుకతో వచ్చిందన్నాడు. ఎవరి పుట్టుకతోనని నర్సమ్మ అడిగింది. అసలు రోజులు కదిపితే దిగువ ఊరికి కూడా ఓ సోమవారం కావాలని, పిల్లలు ఎక్కువమంది ఉన్నది తన బడిలోనేనని జత చేసింది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. బస్సు కొండ ఎక్కుతోంది కాబట్టి ఇంజను కూడా మాట్లాడుతోంది.

రెండో పొలిమేర రాయి కనిపించింది. ఓటు మాత్రం కదల్లేదు. పెద్దాయన తనని మిల్లు దగ్గర దింపెయ్యమన్నాడు. ఆయన దిగితే మళ్ళీ ఎక్కడని బస్సులో అందరికీ తెలుసు. పట్టుదలకి పోయి సొంత తమ్ముడి గృహప్రవేశానికి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చిన మనిషి.

ఆడపడుచు అద్దంలోంచి ఉమ్మడమ్మ మొహం చూసింది. రాయికి ఇరవై గజాల ముందు దుంగల లారీలు తిరిగే ఖాళీ స్థలంలో స్టీరింగు గిరగిరా తిప్పేసి, వచ్చిన దారినే బస్సుని మళ్ళించింది. బన్నుల బుట్ట ఈ చివర నుంచి ఆ చివరకి జారింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు పెద్దాయన.

"ఎక్కడికీ లేదు బాబాయ్. మీ ఊళ్ళోనే ఉంటాం," అంది ఆడపడుచు. "బండి ఆపనంతే. ఆపితే మీరు దిగుతారు."

ఎగువ ఊరి పొలిమేర ఈ రాయి నుంచి ఆ రాయికి నాలుగు కిలోమీటర్లు. బస్సు ఊరి మధ్య నుంచి కిందికి పోయింది. కల్వర్టు దగ్గర తిరిగి మళ్ళీ పైకొచ్చింది. మొదటిసారి వెళ్ళినప్పుడు కిరాణా కొట్టు ముందు కూర్చున్న నలుగురు చెయ్యూపారు. రెండోసారి లేచి నిలబడి ఊపారు. మూడోసారికి పదిహేను మంది అయ్యారు. వాళ్ళలో ఒకాయన మైకు లేని ఊరేగింపు ఏమిటని కేకేసి అడిగాడు. మిల్లులో పనివాళ్ళు రంపం ఆపేసి, తమ యజమాని కిటికీలో ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ సాగిపోవడం చూశారు. ఆయన మొదటిసారి ఆపమని సైగ చేశాడు. రెండోసారి తల తిప్పుకున్నాడు. మూడోసారి తప్పనిసరై తనూ చెయ్యూపాడు.

"పైకెత్తిన చెయ్యేగా, ఓటు కింద రాసుకో వదినా," అంది ఆడపడుచు.

ఉమ్మడమ్మ రాసుకోలేదు. పదకొండు ఇరవై అయింది. ఈ కొండ నుంచి పట్నానికి గంట పైనే పడుతుంది. బయలుదేరాల్సిన సమయం మించిపోతోందన్న కంగారులో దిగువ ఊరి ముద్ర కాగితం మీద తలకిందులుగా కొట్టేసింది. వెంటనే, చిన్నప్పుడు దగ్గితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఎలా అలవాటైందో అలా, సంచి అరలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారి ఒకాయన, చేసిన ప్రతి తప్పునీ తేదీ, వారంతో సహా రాసి పెట్టుకోమన్నాడు. ఆయన రిటైరై ఊరొదిలి వెళ్ళిపోయి ఎనిమిదేళ్ళయింది. ఆమె మాత్రం మానలేదు. ముద్ర తలకిందులు, గురువారం అని రాసింది.

రాస్తుంటే పై వరుసల మీద కన్ను పడింది. సోమవారం. సోమవారం. మంగళవారం. సోమవారం. పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. బస్సు కల్వర్టు దగ్గర నాలుగోసారి తిరిగేసరికి లెక్క పూర్తయింది. ఈ పుస్తకం ఇంతవరకూ భర్త కూడా చదవలేదు. ఇది పైకి చదివితే ఇంత తప్పుల తడక మనిషి మనకెందుకని తొమ్మిది మందీ కలిసి ఆమెనే మార్చమనవచ్చు. చదవకపోతే ఒంటిగంటకి మార్చడానికి ఆఫీసే ఉండదు. మొదటిది కొంచెం మేలనిపించింది.

ఆమె లేచి, సీటు కమ్మీ పట్టుకుని నిలబడింది.

"బాబాయ్‌గారూ, మీరు సోమవారం అడిగారు. సోమవారం నేనెలా పనిచేస్తానో వినండి."

చదివింది. ఒక సోమవారం ఒక పంతులమ్మ పెట్టిన సెలవు చీటీకి ఇంకో పంతులమ్మ పేరు మీద సెలవు మంజూరు చేసింది. రెండో ఆవిడ ఎందుకో తెలియకపోయినా కాదనకుండా రెండు రోజులు ఇంట్లో కూర్చుంది. ఒక సోమవారం శిక్షణ ఉత్తరాలు తారుమారై ఇద్దరు హెడ్మాస్టర్లు ఒకరి బడికి ఒకరు వెళ్ళారు. మధ్యాహ్నం దాకా పాఠాలు చెప్పారు కూడా, పిల్లలు ఒక్కరూ నోరు మెదపలేదు. ఒక సోమవారం కళ్ళ డాక్టరుని పిల్లలు లేని బడికి పంపింది. వచ్చిన దారి దండగ కాకూడదని ఆయన వంటావిడ కళ్ళు పరీక్షించి అద్దాలు రాశాడు. అప్పటినుంచి ఆవిడకి అన్నీ కనిపించడం మొదలై వంటగదిలో పిల్లల దొంగతనాలు ఆగిపోయాయి. ఇంకో సోమవారం ఎగువ బడి తలుపులకని తెప్పించిన ఆకుపచ్చ రంగు నడిమి బడికి చేరింది.

బేకరీ ఆయన నోరు తెరిచాడు. "మా గేటు సగం నీలం, సగం ఆకుపచ్చ ఉన్నది అందుకా? నేను అందం కోసం అనుకున్నానే. చుట్టాలకి కూడా చూపించాను."

నర్సమ్మ నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసేసింది. పాత పంతులమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, గేటు సంగతి ఇంకోసారి చదవమంది. ఉమ్మడమ్మ మళ్ళీ చదివింది. ఇంక దాచడానికి ఏమీ లేదు కాబట్టి గొంతు కూడా లేచింది. మొత్తం లెక్క చెప్పింది. పదకొండేళ్ళలో సోమవారం చేసిన తప్పులు డెబ్బై మూడు. మంగళవారం తొమ్మిది. బుధవారం పదకొండు. గురువారం, ఇందాకటి ముద్రతో కలిపి, ఎనిమిది. శుక్రవారం రెండు.

నర్సమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"సోమవారం అంత తల ప్రాణం తోకకి ఎందుకొస్తుందమ్మా నీకు?" అని నర్సమ్మ అడిగింది. సెలవు రోజుల్లో పోగుపడిన తలనొప్పులన్నీ సోమవారం పొద్దున్నే మూడు ఊళ్ళ నుంచీ ఒకేసారి ఫోనెక్కి దిగుతాయని ఉమ్మడమ్మ చెప్పింది. శుక్రవారానికి అవన్నీ తీరిపోయి తల తేలిగ్గా ఉంటుందంది. సోమవారం ఫోన్లలో ఎక్కువ ఏ ఊరివని ఎవరూ అడగలేదు. పెద్దాయన మాత్రం కిటికీలోంచి బయటకి చూశాడు.

బేకరీ ఆయన బుర్ర అందరికంటే ముందు పనిచేసింది. బుట్ట కింద పెట్టి, గొంతులో తేనె పోసుకుని, ఎగువ ఊరి సీట్ల దగ్గరకొచ్చాడు.

"పెద్దాయనా, మీరు వయసులో పెద్దవారు. ఇన్నిసార్లు అడిగించుకోవడం నాకే సిగ్గుగా ఉంది. తీసుకోండి, సోమవారం మీకే ఇచ్చేస్తున్నా. శుక్రవారం మాకివ్వండి, చాలు."

పెద్దాయన మొహం ఎర్రబడింది. "శుక్రవారమా? శుక్రవారం ఎవరిదనుకున్నావు?"

"మొహాన కొట్టారన్నారుగా?"

"నా మొహం, నా ఇష్టం. రెండంటే రెండే తప్పులు పదకొండేళ్ళలో. దాని జోలికొస్తే ఊరుకోను."

ఈ మాటల మధ్య పాత పంతులమ్మ ఎప్పుడో చెయ్యెత్తేసి కూర్చుంది. నొప్పెడుతోంది, తొందరగా రాసుకోమ్మా అని ఉమ్మడమ్మని కసిరింది. అల్లుడు మామగారి వైపు చూశాడు, ఆవిడ చెయ్యి వైపు చూశాడు, జీవితంలో మొదటిసారి గోడ మీద పిల్లిలా ఎటు దూకాలో తేల్చుకోలేక చెయ్యిని భుజం దాకా లేపి ఆపాడు. పెద్దాయన అది గమనించాడు. తనకంటే ముందు అల్లుడు చెయ్యెత్తితే ఇంట్లో పరువేం మిగులుతుంది? ఆయన చెయ్యి బస్సు కప్పుకి తగిలేంత జోరుగా లేచింది.

"ఉన్నది ఉన్నట్టే. రాసుకో," అన్నాడు.

"ఆగండాగండి, అయితే మా ఓటు వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు బేకరీ ఆయన.

నర్సమ్మ ఆయన భుజం తట్టి, కిటికీలోంచి బయటకి చూపించి, మీ పొలిమేర కొండ కింద ఉందన్నయ్యా, ఇక్కడ మీకు బన్నులు పంచే హక్కు తప్ప ఇంకేదీ లేదు అంది. ఆ లెక్క తనే చూస్తానని ఆయన పుస్తకం కోసం చెయ్యి చాచాడు. ఉమ్మడమ్మ అప్పటికే దాన్ని సంచిలో వేసి, కాగితం పెద్దాయన మోకాళ్ళ మీద పెట్టింది. బస్సు కుదుపులో సంతకాలు కుదరవని ఆడపడుచు పై రాయికి పది గజాల ఇవతల బండి ఆపింది. ఈసారి దిగుతానని ఎవరూ అనలేదు. మూడు సంతకాలు పడ్డాయి. ఉమ్మడమ్మ ముద్రని రెండు చేతులతో పట్టుకుని, నిటారుగా ఉందో లేదో మూడుసార్లు చూసుకుని కొట్టింది. పదకొండు నలభై రెండు.

"ఇప్పుడు గట్టిగా పట్టుకోండి," అంది ఆడపడుచు.

ఆ కొండ దిగడం గురించి ఎవరినడిగినా ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. మలుపుల్లో బస్సు రెండు చక్రాల మీద నడిచిందని అల్లుడు అంటాడు. అవన్నీ కోతలేనని ఆడపడుచు అంటుంది. బుట్టలో మిగిలిన బన్నులన్నీ సీట్ల కిందికి దొర్లిపోయాయన్నది మాత్రం నిజం. పెద్దాయనా బేకరీ ఆయనా ఒకే కమ్మీ పట్టుకుని, మలుపు మలుపుకీ ఒకరి మీద ఒకరు పడుతూ, మధ్యలో శుక్రవారం గురించి వాదించుకున్నారు. పాత పంతులమ్మ పట్నం వచ్చేదాకా నవ్వుతూనే ఉంది. గేటు సంగతి తలుచుకుని కొంత, ఎందుకో తెలియక కొంత.

విద్యా కార్యాలయంలో గుమాస్తా అన్నం డబ్బా మూత తీస్తున్నాడు. తొమ్మిది మంది ఒకేసారి గదిలోకి వచ్చేసరికి మూత మళ్ళీ పెట్టేశాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, ఈ ముద్ర ఇలా తలకిందులుగా ఎందుకుందని అడిగాడు.

"గురువారం కదండీ," అంది ఉమ్మడమ్మ.

ఆయనకి అర్థం కాలేదు. సంతకాలు తొమ్మిదీ లెక్కపెట్టుకుని, తల తిప్పి గోడ గడియారం చూసి, పన్నెండు యాభై ఒకటి అని రాసి తీసుకున్నాడు. ఇంకో మూడేళ్ళు.

తర్వాతి సోమవారం ఆమె నడిమి బడి ఆఫీసు తలుపు తీసేసరికి బేకరీ ఆయన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆమె రాసే ప్రతి కాగితం తను చూశాకే బయటికి పోవాలన్నాడు. ఆమె వద్దనలేదు. మూడు ఊళ్ళ నుంచీ వస్తున్న ఫోన్లలో ఒకటి ఆయన చేతికిచ్చింది. సాయంత్రం తాళం వేసే ముందు పుస్తకం తీసి రాసుకుంది. సోమవారం, తప్పులు రెండు. అందులో ఒకటి ఆయనది.